మన బట్టల గురించి మనమే రాసుకోవడం డాంబికమా? తిరుపతి నుంచి ఒక జవాబు

అడిగిన ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను. తిరుపతిలో మహిళా యూనివర్సిటీలో పీజీ చదివే అమ్మాయి. తను కట్టుకునే బట్టల గురించి ఫోటోలు పెట్టి రాయాలని రెండేళ్లుగా ఆశ. మొదట రాయాలనుకున్నది వాళ్ల అవ్వ వెంకటగిరి చీరను కోసి కుట్టించుకున్న అనార్కలి గురించి. "ఎవరు చదువుతారు? నేను సన్నగా, తెల్లగా లేను. చీర కోసినందుకు తిడతారేమో. నాయనకు తెలిస్తే ఏమంటాడో. ఇదంతా నన్ను నేను చూపించుకోవడమే కదా అనిపిస్తుంది. అక్కా, మీరు ఇన్నేళ్లుగా రాస్తున్నారు, మీకీ అనుమానాలు రాలేదా? అసలెందుకు మొదలుపెట్టారు?" అని అడిగింది.

వచ్చాయమ్మా. కొన్ని పోయాయి, కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. పోనివాటిలో రెండు మూడు పోకుండా ఉండటమే మంచిదని నాకిప్పుడు అనిపిస్తుంది. ఎందుకు మొదలుపెట్టానో ముందు చెప్తాను, అక్కడి నుంచి మిగతావి వస్తాయి.

మా అమ్మ కొర్లగుంటలో ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టింది. ఆమె దగ్గర పొడుగాటి లెక్కల పుస్తకం ఉండేది. పేజీకో పేరు, కింద కొలతలు, పక్కన గుండుసూదితో గుచ్చిన బట్ట పీలిక. దారం రంగు కలుపుకోవడానికి గుచ్చుకునేది. పుస్తకం నిండితే పారేయదు, బీరువా పైన పెడుతుంది. నాకు పెళ్లయి, పిల్లలు పుట్టాక ఒక వేసవిలో ఆ పాత పుస్తకాలు తిరగేశాను. మా వీధి మొత్తం అందులో ఉంది. ఒకే గులాబీ రంగు పీలిక వరసగా ఐదు పేజీల్లో కనిపించింది. ఒక ఇంట్లో అత్తా కోడళ్లు, ఆడబిడ్డలు కలిసి సంక్రాంతికి ఒకే తానులోంచి బట్ట కోయించుకున్నారని అమ్మ చెప్పింది. ఇంకో పేరు కింద పెళ్లి జాకెట్టు పట్టు పీలిక, మరుసటి ఏడాదికి నడుము కొలత నాలుగంగుళాలు పెరిగింది, ఆ తర్వాత చాలా పేజీల దాకా ఆ పేరే లేదు. "బిడ్డతో అత్తగారింట్లో ఇరుక్కుపోయింది, ఇంటి నుంచి కదలనిచ్చేవాళ్లు కాదు" అంది అమ్మ. ఆమె ఎవరి గురించీ ఒక్క వాక్యం రాసింది లేదు. కొలతలు, పీలికలు పెట్టుకుంది, అంతే. నాకు రాయాలని పుట్టింది ఆ మధ్యాహ్నమే.

మొదలుపెట్టడానికి సాకు మాత్రం బయటి నుంచి వచ్చింది. 2015లో బెంగళూరులో అంజు మౌద్గల్ కదం, ఆలీ మత్తన్ అనే ఇద్దరు స్నేహితురాళ్లు ఆ ఏడాది వంద సార్లు చీర కట్టుకుని, ఆ చీరల వెనకున్న కథలు చెప్పుకుందామని ఒప్పందం పెట్టుకున్నారు. హండ్రెడ్ శారీ ప్యాక్ట్ అని ఆ పేరు దేశమంతా పాకింది. నా దగ్గర అప్పటికి పద్నాలుగు చీరలున్నాయి. వంద సార్లంటే వంద చీరలు కాదని అర్థమయ్యాక ధైర్యం వచ్చింది. అరవై రెండు సార్ల దాకా వచ్చి, ఉద్యోగంలో పని ఎక్కువై, అక్కడ ఆపేశాను. రాయడం మాత్రం ఆపలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్లు. పొద్దున ఐదుకు లేస్తే రాత్రి పదింటి దాకా ఇల్లు, ఆఫీసు, పిల్లల హోంవర్కు. నేనేం కట్టుకున్నానో ఎవరూ చూసేవాళ్లు కాదు. ఎవరైనా చూసి బాగున్నావు అంటే వినాలని ఉండేది. ఆ కోరికను తప్పు అని నేననుకోను. కానీ దాని బలం ఎంతో నీకు ముందే తెలియాలి. ఆ కోరిక ఒక్కటే ఉన్న ఆరు నెలలూ నేను ఫోటో పెట్టి పదేసి నిమిషాలకు ఫోన్ చూసుకునేదాన్ని. మెచ్చుకోలు తక్కువ వచ్చిన రోజు ఆ చీర మీదే విసుగు పుట్టేది. చీర ఏం తప్పు చేసిందని? అమ్మ పుస్తకంలోలాగా ఈ బట్ట ఎక్కడిది, ఎవరు కుట్టారు, కట్టుకుంటే ఎలా ఉంది అని రాయడం మొదలుపెట్టాకే నాకు నిలకడ వచ్చింది.

ఇక డాంబికం సంగతి. దీని మీద నాకు చాలా గట్టి అభిప్రాయం ఉంది.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూస్తూ పెరిగినవాళ్లం మనం. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు, రోజుకో వేషం. ఆడవాళ్లను చెరుస్తున్న పాలెగాడు భయపడి దాక్కుంటే అమ్మవారు రోజుకో రూపంలో వెతికిందనీ, దొర వేషం చూసి వాడు బయటికొచ్చినప్పుడు తల నరికిందనీ మన అవ్వలు చెప్పే కథ. ఆ వారం మన ఊళ్లో మీసాలున్న మగవాళ్లు మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టుకుని, జడ వేసుకుని, పూలు పెట్టుకుని నడిబజార్లో నడుస్తారు. పక్కన వాళ్ల భార్యలు కుచ్చిళ్లు సరిచేస్తుంటారు. చిన్నప్పుడు మా వీధిలో ఒక పెద్దాయన ఏటా తన తల్లి చీరే అడిగి కట్టుకునేవాడు. ఆమె పోయాక కూడా అదే చీర. దాన్ని ఎవరూ డాంబికం అనలేదు. ఒంటి మీద వేసుకున్నదానికి అంత బలం ఉందని ఊరంతా నమ్మే చోట పుట్టి, ఆడపిల్ల తన బట్టల గురించి నాలుగు మాటలు రాస్తే తప్పెలా అవుతుంది?

అయితే ఒక తేడా గమనించు. జాతరలో వేషం వేసినవాణ్ని "ఏం మొక్కు?" అని అడిగితే జవాబుంటుంది. నువ్వు రాసేదానికి కూడా అలాంటి జవాబు ఒకటి ఉంటే చాలు. ఆ రోజు ఆ బట్ట ఎందుకు వేసుకున్నావో నీకు తెలిసుంటే రాయి. తెలియని రోజు ఫోటో ఒక్కటే పెట్టినా ఫరవాలేదు, కానీ అలాంటి రోజులు వరసగా పది వస్తే కాస్త ఆగు.

సన్నగా, తెల్లగా లేనన్నావు. మొదటి ఏడాది నేను మెడ నుంచి నడుము దాకానే ఫోటో పెట్టేదాన్ని. నా చేతులు లావు. ఒకరోజు ఎవరో రాశారు: "మేడమ్, నా చేతులు కూడా మీలాగే ఉంటాయి, జాకెట్టుకు మోచేతి దాకా చెయ్యి పెట్టిస్తే పట్టేస్తుందా, ఆ చెయ్యి కాస్త చూపించండి." ఆ మాట నాకు అప్పటి దాకా తట్టలేదు. అంగడి అద్దాల వెనక బొమ్మకు కట్టిన చీర చూసి మనకేం తెలుస్తుంది? గంజి పెట్టిన వెంకటగిరి మొదటి రోజు నడుము దగ్గర ఉబ్బుగా నిలబడుతుంది. రెండు మూడు ఉతుకుల తర్వాత ఒంటికి ఒదుగుతుంది. అది లావుగా ఉన్న మనిషి మీద చూస్తేనే లావుగా ఉన్న ఇంకో మనిషికి ఉపయోగం. చామనఛాయ ఒంటి మీద మెంతి రంగు ఎలా ఉంటుందో, కనకాంబరం ఎలా వెలుగుతుందో చూపించడానికి నీ ఒళ్లే కావాలి. మా అమ్మ ఆది జాకెట్టు చేతిలోకి తీసుకుని ఎన్నడూ "లావయ్యావే" అనలేదు. టేపు పెట్టి అంకె రాసుకునేది. ఫోటో తీసుకునేటప్పుడు నేను ఆ టేపునే గుర్తు చేసుకుంటాను.

ఎవరు చదువుతారన్నావు. నాకు ఒక్కో రాతకు మూడు నాలుగు వందల మంది వస్తారు, పదేళ్లకు అంతే. వాళ్లలో ఒకామె కువైట్‌లో ఇంటిపని చేస్తుంది, మన పీలేరు వైపు మనిషి. కూతురికి ఓణీల ఫంక్షన్, తను రాలేదు. పట్టులంగాకు ఎంతవుతుంది, ఎక్కడ కొనాలి, పిల్ల ఎదుగుతుంది కాబట్టి లోపల మడత పెట్టి కుట్టమంటే టైలర్ ఎంత దాకా పెట్టగలడు అని వాయిస్ మెసేజ్ పెట్టింది. నేను, అమ్మ కూర్చుని నడుం దగ్గర, కింద అంచు దగ్గర ఎన్ని అంగుళాలు వదలాలో గీసి పంపాం. ఫంక్షన్ అయ్యాక ఫోటో వచ్చింది. మూడేళ్ల తర్వాత మడత విప్పి వేసుకున్న ఫోటో కూడా వచ్చింది. మూడు వందల మందిలో అలాంటి మనిషి ఒకరున్నారని తెలిశాక అంకె గురించి దిగులు తగ్గింది.

ఇంగ్లీషులో రాస్తే ఎక్కువ మంది చూస్తారని నీకూ చెప్తారు. నిజమే. కానీ ఉల్లిపొర రంగు, నెమలికంఠం, వంగపూవు, నేరేడు, చిలకపచ్చ, మామిడిపిందె అని రాసినప్పుడు చదివేవాళ్ల కళ్ల ముందు ఆ రంగు వచ్చి నిలబడుతుంది. పడుగు, పేక, అంచు, కొంగు, బుటా అన్న మాటలు నేతగాళ్ల నోట విని, అవే వాడు. తెలుగులో రాసినందుకు నేను పోగొట్టుకున్నది కొంత ఉంది, బాధ లేదు.

ఇప్పుడు, నువ్వు అడగని అనుమానాల గురించి. ఇవి కొన్నాళ్లకు వస్తాయి. వచ్చినప్పుడు వీటి మాట వినాలి.

మొదటిది ఖర్చు. మూడో ఏడాది చివర్లో లెక్క వేస్తే ఆ ఏడాది ఇరవై మూడు చీరలు కొన్నాను. తొమ్మిది ఒక్కసారే కట్టాను, అదీ ఫోటో కోసం. జీతం డబ్బు అది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఒక చీరను కనీసం మూడు వేర్వేరు రోజులు కట్టి, ఒకసారైనా ఉతికాకే దాని గురించి రాస్తాను. రాతలు తగ్గాయి, కానీ రంగు దిగిందా, జరీ నల్లబడిందా, మడతలు నిలిచాయా అన్నవి రాయగలుగుతున్నాను.

రెండోది, ఊరికే వచ్చే బట్ట. నాలుగో ఏడాది ఒక అంగడి వాళ్లు శ్రీకాళహస్తి చేతి కలంకారీ అని చీర పంపారు. మాట నమ్మి అలాగే రాశాను. ముగ్గురు చదివి కొన్నారు. తర్వాత నేనే శ్రీకాళహస్తికి వెళ్లి పని చూశాను. బట్టను కరక్కాయ, గేదె పాలలో నానబెట్టి ఎండేస్తారు, రంగు పాకకుండా పాలు ఆపుతాయి. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి చేసిన కలంతో గీత గీస్తారు. నల్ల రంగు ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి చేస్తారు. పటిక పూసిన చోట ఎరుపు పట్టుకుంటుంది, మధ్య మధ్యలో పారే నీళ్లలో ఉతకాలి. ఒక చీరకు వారాలు పడుతుంది. ఇంటికొచ్చి నా చీర పరిచాను. కొంగులో నాలుగు నెమళ్లు, నాలుగింటికీ తోకలో అదే చోట అదే చిన్న మరక. చేత్తో గీసిన నాలుగు నెమళ్లకు ఒకే మరక రాదు. అది స్క్రీన్ ప్రింటు.

ఆ ముగ్గురికీ ఉత్తరాలు రాశాను. పాత రాతలో పైనే తప్పు ఒప్పుకున్నాను. అంగడి వాళ్లు ఫోన్ చేసి కోప్పడ్డారు. ఇద్దరు పాఠకులు మళ్లీ రాలేదు, వాళ్ల మీద నాకు కోపం లేదు. డబ్బు తీసుకోకపోయినా ఊరికే వచ్చిందని రాయాల్సింది, రాయలేదు. ఇప్పుడైతే నియమాలే ఉన్నాయి. 2021లో ప్రకటనల ప్రమాణాల మండలి, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ స్పష్టంగా చెప్పాయి: డబ్బైనా, ఉచిత వస్తువైనా తీసుకుని రాస్తే అది ప్రకటన అని కనిపించేలా చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఒకే వ్యాపారి దగ్గర నుంచి ఏడాదిలో 20,000 రూపాయలు దాటిన వస్తువులు వస్తే పది శాతం టీడీఎస్, అంటే ముందే కోసుకునే పన్ను, అని 2022 జులై 1 నుంచి ఉంది. ఆదాయం గురించి నా అనుభవం ఇంతే: ఇన్నేళ్లలో వచ్చిన డబ్బు నా ఫోన్ల ఖరీదుకు సరిపోయింది. దీని మీద బతుకుదామని చదువు మాత్రం వదలకు.

మూడోది నన్ను ఇప్పటికీ వదలనిది. ఆ శ్రీకాళహస్తి ప్రయాణంలోనే ఒక కళాకారిణి గీస్తున్న బట్టను దగ్గర నుంచి ఫోటో తీయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "తీసుకోమ్మా, వద్దనను. కానీ ఇది మేము అమ్మేలోపే ఎక్కడో ప్రింటులో వచ్చేస్తాది" అంది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది, జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది, అంత పేరున్న కళ. అయినా వారాలు పట్టే గీతను నా ఫోన్‌లోంచి ఎవరో తీసుకుని వేల మీటర్లు ప్రింటు కొట్టేస్తే ఆమె చేయగలిగింది ఏమీ లేదు. నేను ప్రేమతో పెట్టే ఫోటో ఆమె కూటికి అడ్డం రావచ్చు. ఇప్పుడు నేను ఎవరి పనినైనా అడిగి తీస్తాను, కొత్త నమూనా మొత్తం కనపడేలా పెట్టను, వాళ్లు అమ్ముకున్నాకే పెడతాను, ఒప్పుకుంటే వాళ్ల పేరు రాస్తాను. ఇది సరిపోతుందా అని అడిగితే సరిపోదనే అనిపిస్తుంది. నేత గురించి రాసే ప్రతిసారీ ఆమె చెయ్యి నాకు గుర్తొస్తుంది, రావాలి కూడా.

ఇంట్లో సంగతి. దాచి మొదలుపెట్టకు. మన ఊళ్లో ఏదీ దాగదు. ఎవరో పిన్ని పెళ్లిలో "మీ పాప ఫోటోలు పెడ్తాండాదంటనే" అని మీ నాయన ముందు అంటే, విషయం కన్నా ఆ అవమానమే ఆయనకు ఎక్కువ తగులుతుంది. ముందు నువ్వే ఫోన్ తీసుకెళ్లి ఒక రాత చదివి వినిపించు. ఆయనకు నిజమైన భయం ఉంటుంది, దాన్ని తీసిపారేయకు. మొహం కనపడే ఫోటోలు దొంగిలించి దొంగ ఖాతాలు తెరిచేవాళ్లున్నారు. ఉన్న చోటు నుంచి అప్పటికప్పుడే పెట్టకు, ఇంటికొచ్చాక పెట్టు. హాస్టల్ గేటు, ఇంటి వీధి కనపడనీయకు. ఏదైనా జరిగితే సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చని ఆయనకు చూపించు. కొండ మీద గుడి ముందు మాత్రం రీల్స్ వద్దు, టీటీడీ దాని మీద గట్టిగా హెచ్చరించింది, అది లేకపోయినా అక్కడికి వచ్చేది దండం పెట్టుకోవడానికి. మేడ మీద పొద్దున ఏడింటి ఎండ చాలు, ఖరీదైన కెమెరా అక్కర్లేదు.

చివరగా నీ అనార్కలి. తిడతారా అంటే, తిడతారు. వెంకటగిరి నేత ఎంత సన్నదో తెలిసినవాళ్లకు కత్తెర మాట వినగానే గుండె కలుక్కుమంటుంది. వాళ్ల బాధ నిజమైనదే. వాళ్లతో వాదించకు. చీర ఏ స్థితిలో ఉందో రాయి. పాత చీరలు మడతల దగ్గరే ముందు పోతాయి. పెట్టెలో ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే గీత గీసినట్టు చిరుగుతాయి. మీ అవ్వ చీర అలా చిరిగి ఉంటే ఆ ఫోటో పెట్టు. బాగానే ఉన్న చీరను నీకు వేసుకోవాలనిపించి కోశావా, అదే రాయి, సర్దిచెప్పకు. అవ్వ ఉన్నారా, ఆమెను అడిగావా, ఆమె ఏమంది? కోసే ముందు టైలర్ ఏమన్నాడు? మంచి టైలర్ అలాంటి బట్ట మీద కత్తెర పెట్టే ముందు ఒక నిమిషం ఆగుతాడు. అంచు కింద ఘేరాకు, అంటే అడుగు చుట్టుకొలతకు, పెట్టించావా, చేతులకు వేయించావా? కొంగు ఏమైంది? లైనింగ్ ఏం వేశారు? సన్న నేత కింద సింథటిక్ లైనింగ్ వేస్తే ఉక్కపోతకు ఒంటికి అంటుకుంటుంది, మల్లు గుడ్డ వేయించి ఉంటే బాగుంటుంది. మిగిలిన ముక్కలు టైలర్ దగ్గరే ఉంటే ఈ వారమే వెళ్లి అడిగి తెచ్చుకో. అరచేయంత ముక్క చాలు, గుండుసూదితో ఒక పుస్తకంలో గుచ్చి, పక్కన మీ అవ్వ పేరు, ఆ చీర ఏ ఏడాది కొన్నదో రాసిపెట్టు. ఫోటోలు ఆ తర్వాత తీసుకుందువు.